పాత గీజర్ సతాయిస్తోందా, కాయిల్ మార్పించే ముందు ఇవి చూడండి

ఎనిమిదేళ్ళు పదేళ్ళు వాడిన గీజర్ ఒక్కరోజులో పాడైపోదండి, ముందు కొన్నాళ్ళు సతాయిస్తుంది. నిన్న పొద్దున పొగలు కక్కే నీళ్ళిచ్చింది ఇవాళ గోరువెచ్చగా కూడా ఇవ్వదు, మొదట స్నానం చేసినవాళ్ళకి బాగానే వస్తాయి రెండోవాళ్ళు ఒంటికి సబ్బు రాసుకునేసరికి చల్లబడిపోతాయి, ఒక్కోసారి ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది కానీ అరగంట అయినా నీళ్ళు కాగవు. అప్పుడు మెకానిక్‌ని పిలుస్తాం, ఆయనొచ్చి కాయిల్ (నీళ్ళని కాచే రాడ్) పోయింది సార్ అని కొత్తది వేసి వెళ్తాడు, ఓ పదిరోజులు బాగుంటుంది మళ్ళీ మామూలే. ఎందుకంటే చాలా ఇళ్ళల్లో తప్పు కాయిల్‌ది కాదు. కాయిల్ తెగిపోతే గీజర్ ఇక అసలు వేడెక్కదు, అంతే. ఒకరోజు వేడెక్కి ఇంకోరోజు వేడెక్కకపోతోందంటే అది ఎక్కువగా ఎక్కడో వదులైన కనెక్షన్ అయ్యుంటుంది, లేదా థర్మోస్టాట్ (నీళ్ళు కాగగానే కరెంటు ఆపేది), లేదా లోపల పేరుకున్న సున్నం, అదీ కాకపోతే గీజర్‌తో సంబంధమే లేని, వేడినీళ్ళు చన్నీళ్ళు కలిపే మిక్సర్ ట్యాపు. ఏది అనేది విప్పకుండానే సగం తెలుసుకోవచ్చు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఇదంతా బాత్రూం గోడకి వేలాడే కరెంటు గీజర్ గురించి, 10, 15, 25 లీటర్ల ట్యాంకు ఉండేవి. గ్యాస్ గీజర్ మాత్రం మీరు విప్పొద్దు, ఎవరు చెప్పినా సరే. తలుపులు వేసిన బాత్రూంలో గ్యాస్ సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు రంగు ఉండదు, మనిషి స్పృహ తప్పేదాకా తెలీదు. అది సతాయిస్తుంటే వాడటం ఆపేసి తెలిసినవాళ్ళని పిలవండి.

మొదట ఒళ్ళు జాగ్రత్త

గీజర్ కవర్ తీసే ముందు బాత్రూం స్విచ్ ఆపితే చాలదు, బోర్డులో ఆ లైను ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) కింద పడేయాలి, ప్లగ్ ఉంటే అదీ పీకేయాలి. పాత ఇళ్ళల్లో స్విచ్ ఫేజ్‌కి (కరెంటు వచ్చే వైరు) బదులు న్యూట్రల్‌లో (తిరిగి వెళ్ళే వైరు) పెట్టినవి ఇప్పటికీ ఉన్నాయి, స్విచ్ ఆపినా లోపల కరెంటు ఉంటుంది. తడి చేతులు, తడి నేల, ఊగే స్టూలు, ఈ మూడింట్లో ఏది ఉన్నా పని మొదలెట్టొద్దు. ఎంసీబీ పడేశాక కూడా టెస్టర్‌తో ఒకసారి చూసుకోండి, మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది.

ఇంకో ముఖ్యమైన మాట. నీళ్ళు పట్టుకున్నప్పుడు చెయ్యి జివ్వుమంటున్నా, ట్యాపు తాకితే సన్నగా కొడుతున్నా, ఇక ఆ పూట పరీక్షలు ఏమీ వద్దు. ఎంసీబీ దించేసి అలాగే ఉంచండి, ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగ్ చూసేదాకా ఎవరినీ వాడనివ్వద్దు. కాయిల్ తీగని కప్పి ఉండే గొట్టం చిట్లి కరెంటు నీళ్ళలోకి దిగుతోంది అని చాలావరకు దాని అర్థం. ఎర్తింగ్ సరిగ్గా ఉండి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) ఉన్న ఇంట్లో అయితే అది వెంటనే ట్రిప్ అయ్యి కాపాడుతుంది. మన ఊళ్ళల్లో పాత ఇళ్ళు చాలావాటికి ఆర్‌సీసీబీ ఉండదు, ఎర్త్ గుంతలో నీళ్ళు పోసి ఏళ్ళవుతుంది. గీజర్ రిపేరుకి డబ్బులు పెడుతున్నప్పుడే ఆర్‌సీసీబీ కూడా పెట్టించేయండి, ఇంట్లో పిల్లలున్నా పెద్దవాళ్ళున్నా ఇది వాయిదా వేసే పని కాదు.

గడియారం, బక్కెట్టు

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఈ రెండూ చాలు. రాత్రంతా గీజర్ ఆపి ఉంచి పొద్దున్నే ట్యాంకులో చల్లటి నీళ్ళున్నప్పుడు ఆన్ చేసి టైం చూడండి, లైటు ఆరేదాకా (అంటే థర్మోస్టాట్ కట్ అయ్యేదాకా) ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఈలోగా ఎవరూ వేడినీళ్ళ ట్యాపు తిప్పకూడదు. కొన్ని మోడళ్ళలో రెండు లైట్లుంటాయి, ఒకటి కరెంటు వస్తోందని, ఇంకోటి వేడెక్కుతోందని, మీది ఏదో చూసుకోండి.

మామూలుగా గీజర్ కాయిల్ 2000 వాట్లు ఉంటుంది. 15 లీటర్ల ట్యాంకు, నీళ్ళు 25 డిగ్రీలు ఉన్నాయనుకుంటే 60 డిగ్రీలకి రావడానికి లెక్క ప్రకారం 18 నిమిషాలు పడుతుంది, 25 లీటర్లదైతే అరగంట. చలికాలంలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు 20 డిగ్రీలకి పడిపోతే 15 లీటర్లకి 21 నిమిషాలు, ఆదిలాబాద్ వైపో అరకు వైపో ఉంటే ఇంకాస్త ఎక్కువ. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే డిసెంబర్‌లో "గీజర్ వీక్ అయిపోయింది" అనే ఫిర్యాదుల్లో కొన్ని చలికి వచ్చినవే, గీజర్ అలాగే ఉంది నీళ్ళు చల్లబడ్డాయి.

లైటు ఆరాక ఆపేసి, వేడినీళ్ళు బక్కెట్లోకి వదిలి చన్నీళ్ళు కలుపుకుంటూ స్నానానికి సరిపడే వేడిలో మొత్తం ఎన్ని నీళ్ళొస్తాయో చూడండి. 60 డిగ్రీల నీళ్ళు 15 లీటర్లుంటే, 25 డిగ్రీల చన్నీళ్ళు కలిపితే 40 డిగ్రీల నీళ్ళు లెక్కకి 35 లీటర్లు రావాలి, వాడకంలో ఓ 30 వస్తే బాగున్నట్టే, అంటే సుమారు బక్కెట్టున్నర. షవర్ ఓపెన్ చేసి ఇద్దరు వరసగా స్నానం చేయాలంటే 15 లీటర్ల గీజర్‌కి అది ఎప్పుడూ సాధ్యం కాదు, కొత్తదైనా అంతే.

ఇప్పుడు ఈ రెండు లెక్కల్ని పక్కపక్కన పెట్టి చూడండి. లైటు ఐదారు నిమిషాలకే ఆరిపోయి నీళ్ళు గోరువెచ్చగా ఉంటే థర్మోస్టాట్ తొందరగా కట్ అవుతోంది. టైం సరిగ్గానే పట్టి, మొదట నీళ్ళు బాగా కాగి వచ్చి నాలుగైదు చెంబులకే చల్లబడితే లోపలి పైపులో తేడా ఉంది లేదా మిక్సర్ దగ్గర చన్నీళ్ళు కలుస్తున్నాయి. టైం చాలా ఎక్కువ పడితే వోల్టేజ్ తక్కువుంది, లేదా వేడినీళ్ళు ఎక్కడో కారిపోతున్నాయి. లైటే ఆరకుండా నీళ్ళు సలసలా మరిగి ట్యాపులోంచి ఆవిరి వస్తుంటే వెంటనే ఆపేయండి, థర్మోస్టాట్ అతుక్కుపోయింది, దాని గురించి కింద చెప్తాను.

కరెంటు సరిగ్గా అందుతోందా

ఒకరోజు వచ్చి ఒకరోజు రాని కేసుల్లో నేను మొదట చూడమనేది 16 ఆంపియర్ల సాకెట్, ప్లగ్. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, అదీ అరగంట అరగంట, రోజూ. ఏళ్ళ తరబడి లాగితే సాకెట్ లోపలి ఇత్తడి పట్టులు వదులైపోతాయి, వదులైనచోట వేడి పుడుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది. ప్లగ్ పీకి పిన్నులు చూడండి, ఒక పిన్ను నల్లబడి ఉన్నా, ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారి కరిగినట్టున్నా, గీజర్ ఆన్‌లో ఉన్నప్పుడు కాలిన వాసన వచ్చినా, రోగం దొరికినట్టే. సాకెట్, ప్లగ్ రెండూ కలిపే మార్చాలి, ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. వైరు కొస కూడా కాలి నల్లగా అయ్యుంటే ఆ ముక్క కత్తిరించేసి మంచి రాగి కనిపించేదాకా ఒలిచి బిగించాలి. పాత అల్యూమినియం వైరింగ్ ఉన్న ఇళ్ళల్లో అయితే గీజర్‌కి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించుకోవడమే మంచిది.

మూడు ఫేజుల మీటర్ ఉన్న ఇళ్ళల్లో ఇంకోటి ఉంది. ఒక ఫేజ్ పోతే ఇంట్లో లైట్లు ఫ్యాన్లు వెలుగుతూనే ఉంటాయి, గీజర్ ఉన్న ఫేజ్ మాత్రమే పోయి ఉంటుంది, మనం గీజర్‌ని తిడుతూ కూర్చుంటాం. అపార్ట్‌మెంట్లలో కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద లైట్లు ఫ్యాన్లు నడుస్తాయి కానీ గీజర్ పాయింటుకి సాధారణంగా జనరేటర్ లైను ఇవ్వరు, పొద్దున్నే కరెంటు పోయి వచ్చిందా అని వాచ్‌మన్‌ని అడిగితే తేలిపోతుంది.

లో వోల్టేజ్ సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 230 వోల్టులకి 2000 వాట్లు ఇచ్చే కాయిల్ 190 వోల్టులకి 1365 వాట్లే ఇస్తుంది, వోల్టేజ్ కాస్త తగ్గితే వేడి అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది. 18 నిమిషాల పని 26, 27 నిమిషాలకి పోతుంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య వీధి అంతా గీజర్లు మోటర్లు వేసినప్పుడు ఇలా జరుగుతుంటే మీ గీజర్‌లో రిపేరు చేయడానికి ఏమీ లేదు, అరగంట ముందు వేసుకోవడమో, కరెంటాఫీసులో ట్రాన్స్‌ఫార్మర్ లోడ్ గురించి ఫిర్యాదు ఇవ్వడమో చేయాలి. ఎలక్ట్రీషియన్ వస్తే గీజర్ నడుస్తుండగానే సాకెట్ దగ్గర వోల్టేజ్ చూడమనండి, ఆపి చూస్తే వదులు కనెక్షన్ దగ్గర కూడా బాగానే చూపిస్తుంది.

మిక్సర్ చేసే మోసం

దీని గురించి ఎవరూ చెప్పరు, మెకానిక్ కూడా చాలాసార్లు చూడడు, ఎందుకంటే అతను గీజర్ మనిషి, ట్యాపులు ప్లంబర్ పని. మిక్సర్ లోపల వాషరో కార్ట్రిడ్జో (నీళ్ళని ఆపే లోపలి భాగం) అరిగిపోతే చన్నీళ్ళు వేడినీళ్ళ పైపులోకి దూరిపోతాయి. హ్యాండ్ షవర్‌కి చివర్లో బటన్ ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ, మిక్సర్ రెండు వైపులా తెరిచి ఉంచి చివర బటన్‌తో ఆపేస్తాం కదా, అప్పుడు రెండు లైన్లూ లోపల కలిసిపోయి ఉంటాయి, ఎటు ప్రెషర్ ఎక్కువుంటే అటునుంచి ఇటు తోస్తాయి. ఇంకో బాత్రూంలో వేడినీళ్ళు తిప్పితే గోరువెచ్చగా వస్తాయి, గీజర్‌లో మాత్రం నీళ్ళు కాగే ఉంటాయి.

దీన్ని పట్టుకోవడం చాలా సులువు. గీజర్‌లోకి చన్నీళ్ళు వెళ్ళే పైపు మీద యాంగిల్ కాక్ (ఆ పైపుని మూసే చిన్న ట్యాపు) ఉంటుంది, నీలం గుర్తు వైపుది. గీజర్ స్విచ్ ఆపి, దాన్ని పూర్తిగా మూసేసి, వేడినీళ్ళ ట్యాపు తిప్పండి. ముందు పైపుల్లో మిగిలిన నీళ్ళు కాసిన్ని వచ్చి ఆగిపోవాలి. ఆగకుండా ధారగా వస్తూనే ఉంటే ఆ నీళ్ళు గీజర్‌లోంచి వచ్చేవి కావు, ఎక్కడో మిక్సర్ కలిపేస్తోంది. ఒక్కో మిక్సర్ కింద యాంగిల్ కాక్‌లు మూస్తూ వెళ్తే ఏది మూసినప్పుడు ధార ఆగిందో అదే దొంగ. కార్ట్రిడ్జ్ మారిస్తే చాలు.

దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది, చన్నీళ్ళ ట్యాపు తిప్పితే మొదట కాసేపు వేడినీళ్ళు రావడం. గీజర్ ఇన్‌లెట్ దగ్గర నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ పోయింది, కాగిన నీళ్ళు వెనక్కి లైన్లోకి వెళ్ళిపోతున్నాయి. చిన్న ఖర్చులో పోయే పని.

బాత్రూం రెన్నొవేషన్ తర్వాతో, ప్లంబర్ పైపులు మార్చాకో మొదలైన గొడవ అయితే ఇన్‌లెట్ అవుట్‌లెట్ తారుమారు అయ్యాయేమో చూడండి. నీలం వైపు చన్నీళ్ళు, ఎరుపు వైపు వేడినీళ్ళు. తారుమారైతే చన్నీళ్ళు ట్యాంకు పైభాగంలో పడి కాగిన నీళ్ళని కలిపేస్తాయి, మనకి అడుగు నీళ్ళొస్తాయి, ఎంత కాచినా గోరువెచ్చనే.

వేడినీళ్ళు కాగుతున్నాయి కానీ ధార సన్నగా వస్తుంటే కూడా గీజర్‌ని విప్పక్కర్లేదు ముందు. షవర్ తలకాయ, ట్యాపు మూతి దగ్గర జాలీ తీసి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి, తెల్లగా పొరలు పొరలుగా ఊడిపోతుంది.

లోపల సున్నం

మన దగ్గర గీజర్లకి అసలు శత్రువు బోరు నీళ్ళు. హైదరాబాద్‌లో మంజీరా నీళ్ళు, కృష్ణా నీళ్ళు వచ్చే లైను ఉన్నా అపార్ట్‌మెంట్ సంపులో బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు కూడా కలుస్తాయి, ఎండాకాలం వచ్చిందంటే మొత్తం అవే. తాగేనీళ్ళ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీళ్ళ కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. బోరు నీళ్ళు చాలాచోట్ల దీనికి దగ్గరగానో దాటో ఉంటాయి. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడి తగలగానే కాల్షియం కార్బనేట్‌గా మారి గట్టిపడుతుంది, మనం సున్నం అనేది దాన్నే. వేడి ఎక్కువైనకొద్దీ ఎక్కువ పేరుకుంటుంది, అందుకే మొదట కాయిల్ మీదే పడుతుంది.

సున్నం పట్టిందని చెప్పేది చప్పుడు. గీజర్ వేడెక్కేటప్పుడు లోపల టపటపా, చిటపటా అంటుంటే, గులకరాళ్ళు కదిలినట్టు వినిపిస్తుంటే కాయిల్ చుట్టూ పొర కట్టింది. సున్నం పడితే కరెంటు బిల్లు రెట్టింపవుతుందని చెప్తారు కానీ అది పూర్తిగా నిజం కాదు, కాయిల్ నీళ్ళలోనే మునిగి ఉంటుంది కాబట్టి దాని వేడి చివరికి నీళ్ళకే పోతుంది. అసలు నష్టం వేరే. పొర లోపల కాయిల్ మామూలు కంటే చాలా ఎక్కువ వేడెక్కి చిట్లిపోతుంది. కాయిల్‌కీ థర్మోస్టాట్ పెట్టే గొట్టానికీ మధ్య సున్నం ముద్దగా కట్టేస్తే కాయిల్ వేడి నేరుగా థర్మోస్టాట్‌కి తగిలి, నీళ్ళు కాగకముందే కాగాయనుకుని కట్ చేస్తుంది, మనం పైన చెప్పుకున్న ఐదు నిమిషాల కేసు ఇదే. అడుగున సున్నం మెత్తగా ఇసకలా పేరుకుంటే ట్యాంకులో నీళ్ళు పట్టే చోటు కూడా తగ్గిపోతుంది.

కటౌట్, థర్మోస్టాట్, కాయిల్

ఎంసీబీ దించి, నీళ్ళు చల్లారాక కింద ప్లాస్టిక్ కవర్ తీస్తే ఈ మూడూ కనిపిస్తాయి. తీసేముందు ఫోన్‌తో వైర్ల ఫొటో తీసుకోండి.

కటౌట్ అంటే థర్మోస్టాట్ పని చేయక నీళ్ళు మరీ వేడెక్కినప్పుడు కరెంటు ఆపేసేది. చాలా మోడళ్ళలో దాని మీద చిన్న బటన్ ఉంటుంది, ట్రిప్ అయితే పైకి వస్తుంది, నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. గీజర్ చప్పున ఆగిపోయి లైటు కూడా రాకపోతే ఇది చూడండి. ఒక్కసారి నొక్కి వాడి చూడండి, మళ్ళీ ట్రిప్ అయ్యిందంటే ఇక నొక్కొద్దు. థర్మోస్టాట్ లోపలి కాంటాక్టులు అతుక్కుపోయాయి, మార్చాలి.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. కొందరు మెకానిక్‌లు కటౌట్ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని తీసేసి వైరు "డైరెక్ట్" చేసేస్తారు, థర్మోస్టాట్‌ని కూడా అలాగే చేసేవాళ్ళున్నారు. గీజర్ బ్రహ్మాండంగా వేడెక్కుతుంది, మనకీ సంతోషం. కానీ ఆన్ చేసి మర్చిపోయిన రోజు ఆపేవాళ్ళు ఎవరూ ఉండరు, నీళ్ళు మరిగి ఆవిరి ప్రెషర్ పెరిగి, ఆ ప్రెషర్ బయటికి వదిలే వాల్వ్ కూడా సున్నంతో బిగుసుకుపోయి ఉంటే ట్యాంకు పేలిపోతుంది. దయచేసి ఒప్పుకోకండి. మీ గీజర్‌కి ఇదివరకే ఎవరైనా ఇలా చేసుంటారేమో కవర్ తీసినప్పుడు చూడండి, కటౌట్ రెండు కొసల్నీ కలుపుతూ వైరు ముక్క కనిపిస్తే కటౌట్ మళ్ళీ పెట్టించేదాకా గీజర్ వాడొద్దు.

కాయిల్ బాగుందో లేదో మల్టీమీటర్ ఒక్క నిమిషంలో చెప్తుంది. వైర్లు తీసేసి కాయిల్ రెండు టెర్మినల్స్ మధ్య ఓమ్స్ చూడండి, 2000 వాట్లదానికి 26 దగ్గర, 3000 వాట్లదానికి 17, 18 దగ్గర రావాలి. అసలేమీ చూపించకపోతే తెగింది. తర్వాత ఒక కొస టెర్మినల్ మీద, రెండోది కాయిల్ ప్లేటు మీద పెట్టండి, ఇక్కడ ఏమీ చూపించకూడదు, చూపిస్తే లీకేజ్ ఉంది, ఓమ్స్ సరిగ్గా ఉన్నా ఆ కాయిల్ పనికిరాదు. ఆన్ చేసిన పది నిమిషాలకి ఆర్‌సీసీబీ పడిపోతుంటే, చల్లారాక మళ్ళీ నిలబడుతుంటే, అది ఇలాంటి సన్నటి చిట్లు, వేడికి తెరుచుకుంటుంది. మామూలు మీటర్‌కి అది దొరక్కపోవచ్చు, ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ (ఎక్కువ వోల్టేజ్ పెట్టి లీకేజ్ చూసే మీటర్) ఉంటే దొరుకుతుంది.

టెర్మినల్స్ మీద స్క్రూలు, లగ్గులు (వైరు కొస క్లిప్పులు) కూడా చూడండి, సాకెట్ లాగే ఇక్కడా వదులై కాలిపోతుంటాయి.

సున్నం తీయడం

చేతనైనవాళ్ళు చేసుకోవచ్చు, లేకపోతే మెకానిక్‌తో చేయిస్తూ పక్కన నిలబడండి. ఎంసీబీ దించి, నీళ్ళు పూర్తిగా చల్లారనిచ్చి, ఇన్‌లెట్ యాంగిల్ కాక్ మూసి, వేడినీళ్ళ ట్యాపు తెరిచి ప్రెషర్ పోనివ్వండి. ట్యాపులోంచి మొత్తం నీళ్ళు రావు, ఎందుకంటే ట్యాపుకి వేడినీళ్ళు ట్యాంకు పైనుంచి వస్తాయి. ఇన్‌లెట్ పైపు విప్పి బక్కెట్ పెడితే అడుగు నీళ్ళన్నీ దిగుతాయి, అవుట్‌లెట్ తెరిచి ఉంటేనే గాలి దూరి నీళ్ళు దిగుతాయి అది మర్చిపోవద్దు. వైర్లు విప్పి, థర్మోస్టాట్ బయటికి లాగి, కాయిల్ ప్లేటు నట్లు విప్పితే కాయిల్ మొత్తం కిందికి వస్తుంది. సున్నం బాగా పట్టి ఉంటే రంధ్రంలోంచి రాదు, బలంగా లాగొద్దు, అటూ ఇటూ తిప్పుతూ సున్నం రాలనిచ్చి తీయాలి.

లీటరు గోరువెచ్చటి నీళ్ళకి ఓ 50 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి కాయిల్‌ని అందులో నిలబెట్టండి, టెర్మినల్స్ వైపు తడవకూడదు. బుడగలొస్తాయి, మూడు నాలుగు గంటల్లో మెత్తబడుతుంది, పాత బ్రష్‌తో తోమితే పోతుంది. కత్తితో గీకొద్దు, గొట్టం మీద గీత పడితే అక్కడే రేపు చిట్లుతుంది. బాత్రూం కడిగే యాసిడ్ అసలు వాడొద్దు, సున్నంతోపాటు లోహాన్ని కూడా తినేస్తుంది. ట్యాంకులో ఉన్న సున్నం చేత్తో, ప్లాస్టిక్ గరిటెతో లాగేసి, ఇన్‌లెట్ నుంచి నీళ్ళు కొట్టి రెండు మూడుసార్లు కడగండి. ట్యాంకు లోపలి గోడల్ని గట్టిగా గీకకండి, గాజు పూత ఉంటుంది చాలావాటికి.

తెరిచినప్పుడే మెగ్నీషియం రాడ్ చూడండి, దీన్ని యానోడ్ రాడ్ అంటారు, కాయిల్ ప్లేటుకే బిగించి ఉంటుంది చాలా మోడళ్ళలో. ట్యాంకు ఇనుము తుప్పు పట్టకుండా ఇది ముందు తనే కరిగిపోతుంది. సన్నటి తీగలా మిగిలితే మార్చేయాలి, ఖర్చు తక్కువ, ట్యాంకు ఆయుష్షు దీని మీదే ఉంది. బోరు నీళ్ళున్నచోట ఏడాదికో రెండేళ్ళకో చూసుకోవాలి, సాఫ్ట్‌నర్ పెట్టాం కదా అని మానేయొద్దు. వేడినీళ్ళు మాత్రమే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తున్నా ఈ రాడ్ దగ్గర జరిగే రసాయన చర్యే కారణం కావచ్చు, ట్యాంకు కడిగి, ఒకసారి బాగా వేడి చేసి ఆ నీళ్ళు వదిలేస్తే చాలావరకు పోతుంది.

కాయిల్ తీసిన రంధ్రంలోంచి టార్చ్ వేసి అవుట్‌లెట్ పైపు కూడా చూడండి. గోడకి నిలువుగా పెట్టే గీజర్లలో అది ట్యాంకు పైదాకా నిలబడి ఉండాలి. మధ్యలో విరిగినా, తుప్పుకి చిల్లు పడినా, కాగిన నీళ్ళు పైన ఉండిపోయి అడుగు చన్నీళ్ళు కలిసి వస్తాయి. నాలుగు చెంబులకే చల్లబడే కేసు, మిక్సర్ బాగున్నా చల్లబడుతుంటే, ఇదే.

నీళ్ళు కారుతుంటే

ఇన్‌లెట్ దగ్గర వాల్వ్ నుంచి గీజర్ వేడెక్కేటప్పుడు మాత్రమే చుక్కలు పడుతుంటే అది రిపేరు కాదు. 15 లీటర్ల నీళ్ళు 25 నుంచి 60 డిగ్రీలకి కాగితే పావు లీటరుకి కాస్త తక్కువ వ్యాకోచిస్తాయి, ఆ ఎక్కువ నీళ్ళు వాల్వ్ బయటికి వదులుతుంది, అలా వదలడమే దాని పని. చుక్కలు పడుతున్నాయని ఎంసీల్ పెట్టి మూసేయడం, ఎండ్ క్యాప్ బిగించడం చూస్తుంటాం, ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి లేదు. గీజర్ ఆపి ఉన్నప్పుడు కూడా కారుతూనే ఉంటే వాల్వ్ పోయింది లేదా ప్రెషర్ పంపు ఎక్కువ కొడుతోంది. వాల్వ్ మీద చిన్న లివర్ ఉంటే నెలకోసారి ఎత్తి వదలండి, బిగుసుకుపోకుండా ఉంటుంది.

కాయిల్ ప్లేటు చుట్టూ కారితే గాస్కెట్ (ప్లేటు కింద రబ్బరు సీలు) పోయింది, మార్చుకోవచ్చు. బయటి బాడీకీ లోపలి ట్యాంకుకీ మధ్య నుంచి, ఎక్కడ్నుంచో తెలీకుండా కారితే, తుప్పు రంగు నీళ్ళు పడుతుంటే, ట్యాంకే పోయింది. దీనికి వెల్డింగ్ చేస్తామనేవాళ్ళని నమ్మొద్దు, వెల్డింగ్ వేడికి లోపలి పూత చుట్టుపక్కల రాలిపోయి ఇంకోచోట కారుతుంది. వారంటీ కాగితం ఒకసారి వెతకండి, చాలా కంపెనీలు ట్యాంకుకి ఐదు నుంచి ఏడేళ్ళు ఇస్తాయి. అది దాటిపోతే కొత్తదే, ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 2082 నంబరు, స్టార్ లేబుల్ చూసి తీసుకోండి. ట్యాంకు బాగుండి కాయిల్, థర్మోస్టాట్, కటౌట్, గాస్కెట్ వరకే అయితే ఎన్నేళ్ళదైనా నిస్సంకోచంగా రిపేరు చేయించండి, మెకానిక్ మార్చెయ్యమన్నా సరే.

తిరిగి బిగించేటప్పుడు

పాత గాస్కెట్ మళ్ళీ వేయొద్దు, కొత్తది వేయండి. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా ఉన్నవి కొంచెం కొంచెం బిగిస్తూ రావాలి. వైర్లు ఫొటో చూసి కలపండి, ఎర్త్ వైరు బిగించారో లేదో రెండుసార్లు చూడండి. ఇన్‌లెట్ తెరిచి, వేడినీళ్ళ ట్యాపు తెరిచే ఉంచి, మొదట బుస్సుబుస్సుమని గాలి వచ్చి తర్వాత నిండు ధార వచ్చేదాకా ఆగండి. ఆ ధార రాకముందు స్విచ్ వేయొద్దు, ఖాళీ ట్యాంకులో కొత్త కాయిల్ కూడా నిమిషాల్లో కాలిపోతుంది. థర్మోస్టాట్ 60 దగ్గర పెట్టండి, 75లో పెడితే సున్నం తొందరగా పడుతుంది, పిల్లల ఒళ్ళు కాలుతుంది. కరెంటు ఆదా అని మరీ 45కి తగ్గించి రోజుల తరబడి అలా ఉంచడం కూడా మంచిది కాదు, ఆ గోరువెచ్చదనంలో లీజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది.

మొదటిసారి వేడెక్కి చల్లారాక గాస్కెట్ కాస్త సర్దుకుంటుంది, కాబట్టి మర్నాడు పొద్దున ఎంసీబీ దించి కవర్ తీసి ప్లేటు చుట్టూ పొడి టిష్యూ కాగితం తిప్పి చూడండి, ఎక్కడైనా తడి తగిలితే అన్ని నట్లనీ పావు చుట్టు బిగించండి. తర్వాత మళ్ళీ గడియారం పెట్టి టైం చూసి, ఆ నిమిషాలు తేదీతో సహా గీజర్ పక్కనే చిన్న స్టిక్కర్ మీద రాసి అంటించండి, వచ్చే చలికాలం తేడా వస్తే ఎంత తేడానో అందులోనే ఉంటుంది.